ఇళ్ళు కట్టే కుటుంబం: ఫ్లాక్‌లో ఒక నిర్మాణ కంపెనీని చూసి వచ్చాం

మారిషస్‌లో చెరకు తోటల మధ్య నుంచి వెళ్తుంటే నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. కొన్ని మనిషి ఎత్తు ఉంటాయి. కొన్ని ఇంటి ఎత్తు ఉంటాయి. అవి కొండలు కావు. మన ముత్తాతలు చేతులతో ఏరి పేర్చిన రాళ్ళు. ఈ ద్వీపం అగ్నిపర్వతం నుంచి పుట్టింది. అందుకే చెరకు నాటాలంటే ముందు రాళ్ళు తీయాలి. “రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుందని చెప్పి మనవాళ్ళను తెచ్చారు” అనే మాట మన ఇళ్ళలో చాలామంది విన్నదే.

ఇప్పుడు ఆ రాళ్ళకు నిజంగానే ధర ఉంది. వాటిని మరలో వేసి కంకర, ఇసుక చేస్తున్నారు. ఆ ఇసుకతో బ్లాకులు చేస్తున్నారు. ఆ బ్లాకులతో మన ఇళ్ళు లేస్తున్నాయి. ఫ్లాక్ జిల్లాలో ఒక తెలుగు కుటుంబం అరవై ఏళ్ళుగా ఈ నిర్మాణ రంగంలోనే ఉంది. మా శనివారం తెలుగు తరగతి నుంచి 11 మందిమి వారి కంపెనీని చూడటానికి వెళ్ళాం. తమ పేర్లు, కంపెనీ పేరు వేయవద్దని వారు కోరారు. అందుకని ఈ వ్యాసంలో వారిని పెద్దాయన, పెద్ద కొడుకు, మనవరాలు అనే పిలుస్తున్నాం.

తుపాను తర్వాత మొదలైన పని

కంపెనీని మొదలుపెట్టింది పెద్దాయన. ఆయనకు 80 ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ రోజూ ఉదయం యార్డుకు వస్తారు. గేటు దగ్గర మామిడిచెట్టు కింద ఆయన కుర్చీ ఉంటుంది. అక్కడే మాకు టీ ఇచ్చి కథ చెప్పారు. మధ్యమధ్యలో క్రియోల్‌లోకి వెళ్ళిపోతే మనవరాలు, మా మాస్టారు కలిసి తెలుగులోకి తెచ్చారు.

ఆయన చిన్నతనంలో ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు గడ్డి కప్పు ఇళ్ళే. గోడలకు మట్టి, పేడ కలిపి అలికేవారు. కొంచెం డబ్బున్నవారు రేకుల ఇల్లు వేసుకునేవారు. 1960లో రెండు పెద్ద తుపానులు వచ్చాయి. జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివరలో కారోల్. కారోల్ గాలి గంటకు 250 కిలోమీటర్లు దాటింది. గడ్డి ఇళ్ళు, రేకుల ఇళ్ళు వేల సంఖ్యలో కూలిపోయాయి.

“మా ఇంటి కప్పు ఎక్కడ పడిందో కూడా తెలియలేదు. అమ్మ మమ్మల్ని చక్కెర మిల్లు గోడౌన్‌కు తీసుకెళ్ళింది. అది రాతి కట్టడం. అది నిలబడింది” అన్నారు పెద్దాయన.

ఆ తుపాను ఈ దేశంలో ఇల్లు అనే మాటకే అర్థం మార్చేసింది. ఇల్లు పోయినవారి కోసం ప్రభుత్వం సెంట్రల్ హౌసింగ్ అథారిటీ పెట్టి చిన్న చిన్న ఇళ్ళు కట్టించింది. మిగతా జనం కూడా ఒక్కొక్కరుగా సిమెంటు గోడలకు, చదునైన కాంక్రీటు కప్పుకు మారారు. 1975లో జెర్వేజ్ తుపాను వచ్చాక ఇంకెవరికీ అనుమానం లేకపోయింది. ఈరోజు మారిషస్ ఊళ్ళలో చదునైన కప్పులు ఇన్ని కనిపించడానికి కారణం ఇదే.

పెద్దాయన అప్పుడు కుర్రవాడు. ప్రభుత్వ ఇళ్ళ పనిలో కూలిగా చేరారు. తట్టలు మోస్తూ మేస్త్రి చేతిని గమనించి తాపీపని నేర్చుకున్నారు. తర్వాత సైకిల్ మీద తాపీ, రసమట్టం, గుండుతాడు పెట్టుకుని ఊరూరా తిరిగారు. మొదటి సొంత కాంట్రాక్టు పక్కింటివారి రెండు గదుల ఇల్లు. వారు డబ్బు మూడేళ్ళలో విడతలుగా ఇచ్చారట. “నేను అడగలేదు. ప్రతి కోతకాలం అయిపోగానే వాళ్ళే తెచ్చి ఇచ్చారు” అన్నారు.

రాయి నుంచి బ్లాకు దాకా

యార్డు చూపించింది పెద్ద కొడుకు. అందరికీ హెల్మెట్లు ఇచ్చి, పసుపు గీత దాటవద్దని చెప్పారు.

మొదట రాళ్ళ కుప్ప. పొలాల నుంచి తీసిన రాళ్ళు లారీల్లో ఇక్కడికి వస్తాయి. మర వాటిని రెండు ఇనుప దవడల మధ్య నలుపుతుంది. తర్వాత జల్లెడలు. పెద్ద ముక్కలు ఒకవైపు, చిన్న కంకర ఒకవైపు, ఇసుకలాంటి పొడి ఒకవైపు పడతాయి. దుమ్ము లేవకుండా పైనుంచి నీళ్ళు చల్లుతారు. చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినిపించదు.

“ఈ రాతి పొడే మనకు ఇసుక. నా చిన్నప్పుడు ఇసుక సముద్రం నుంచి వచ్చేది” అన్నారు పెద్ద కొడుకు. తీరం దగ్గర లోతు తక్కువ ఉన్న నీళ్ళలో పడవల మీద పగడపు ఇసుక తీసేవారు. దానివల్ల తీరాలు కోసుకుపోయాయి, చేపలకు చోటు పోయింది. 2001లో ప్రభుత్వం ఆ పనిని ఆపేసింది. అప్పటి నుంచి దేశమంతా రాతి ఇసుక మీదే ఆధారపడింది. సిమెంటు మాత్రం ఇక్కడ పుట్టదు. ఓడల్లో బయటి దేశాల నుంచి వస్తుంది.

తర్వాత బ్లాకుల షెడ్డు. రాతి ఇసుక, చిన్న కంకర, సిమెంటు, కొద్దిగా నీళ్ళు కలుపుతారు. నీళ్ళు ఎంత పోయాలో పనివాళ్ళు చేతితోనే చెప్పగలరు. ఒక పిడికెడు మాలు తీసి నొక్కితే ముద్ద కావాలి. కానీ చేతికి తడి అంటకూడదు. దాన్ని అచ్చులో పోసి, మరతో అదిరించి, పైనుంచి నొక్కుతారు. అచ్చు ఎత్తగానే బ్లాకులు వరుసగా నిలబడి ఉంటాయి. ఇడ్లీలు తీసినట్టే ఉందని మా తరగతిలో ఒకావిడ అంది. అందరం నవ్వాం.

కానీ అవి అప్పుడే గట్టిపడవు. ఒక రోజు కదపకూడదు. తర్వాత కొన్ని రోజులు తడుపుతూ ఉండాలి. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని మాలో చాలామంది అనుకునేవారు. అసలు విషయం వేరు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. నీరు త్వరగా ఆవిరైపోతే లోపల బలం రాదు. అందుకే మేస్త్రీలు కొత్త శ్లాబు మీద చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలుపుతారు.

బలం వచ్చిందో లేదో చూడటానికి చిన్న ప్రయోగశాల ఉంది. అది మనవరాలి చోటు. ఆమె ఇంజనీరు. ప్రతి పోత నుంచి కొంచెం కాంక్రీటు తీసి ఘనాకారపు అచ్చుల్లో నింపుతుంది. వాటిని నీళ్ళ తొట్టిలో ఉంచి, 7వ రోజు కొన్ని, 28వ రోజు కొన్ని తీసి మరలో పెట్టి పగలగొడుతుంది. ఎంత బరువుకు పగిలిందో పుస్తకంలో రాస్తుంది. మా ముందే ఒకటి పగలగొట్టింది. పెద్ద శబ్దం రాలేదు. పక్కల నుంచి పెచ్చులు ఊడి, మధ్యలో డమరుకం ఆకారం మిగిలింది. “ఇలా పగిలితే మంచిది. ఒకవైపే చీలిపోతే పరీక్షలో ఏదో తేడా ఉన్నట్టు” అంది.

ఇనుము యార్డులో చువ్వలు కోసి, వంచి, రింగులు కడుతున్నారు. తుపాను రోజుల గురించి కూడా అడిగాం. మొదటి తరగతి హెచ్చరిక రాగానే పరంజాలు విప్పుతారు. రేకులు, చెక్కలు తాళ్ళతో కడతారు. ఎత్తుగా పేర్చిన బ్లాకులను కిందికి దించుతారు. గాలికి ఎగిరే రేకు ముక్క కత్తిలాంటిది కదా.

శ్లాబు పోసే రోజు

మన ఊళ్ళలో కప్పు మీద ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఉన్న ఇళ్ళు మీరు చూసే ఉంటారు. పని సగంలో ఆగిపోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. మనకు తెలుసు, అవి కొడుకు కోసమో కూతురి కోసమో ఉంచినవి. పిల్లలు పెద్దయ్యాక ఆ చువ్వలకే కొత్త చువ్వలు కట్టి పై అంతస్తు లేపుతారు.

శ్లాబు పోసే రోజు ఒకప్పుడు ఊరి పండుగలా ఉండేదని పెద్దాయన చెప్పారు. ఆదివారం తెల్లవారకముందే చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చేవారు. తెలుగువాళ్ళు, భోజ్‌పురీవాళ్ళు, ముస్లింలు, క్రియోల్‌వాళ్ళు అందరూ వచ్చేవారు. నిచ్చెన మీద వరుసగా నిలబడి కాంక్రీటు బకెట్లు చేతులు మార్చుకునేవారు. మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడుతుంది, అక్కడ నీరు కారుతుంది. ఆడవాళ్ళు పెద్ద డేగిసాల్లో వంట చేసేవారు. పని అయ్యాక అందరికీ భోజనం. కూలి ఎవరికీ ఇవ్వరు. రేపు వాళ్ళ ఇంటి శ్లాబుకు మీరు వెళ్ళాలి, అంతే.

ఇప్పుడు మిక్సర్ లారీ, పంపు వస్తాయి. ఒక పూటలో పని అయిపోతుంది. శ్లాబు గట్టిగా, సమానంగా వస్తుంది. “పని బాగుంది. కానీ పక్కింటాయన పేరు తెలియకుండా ఇల్లు కట్టేస్తున్నారు” అన్నారు పెద్దాయన.

రెండు కాగితాలు

ఆఫీసు గోడ మీద అద్దం కట్టిన ఒక కాగితం ఉంది. మోకాలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో వలసల దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. మన పూర్వీకుల వివరాలు అడిగితే అక్కడ తీసి ఇస్తారు. ఈ కుటుంబం తమ మూలపురుషుడి కాగితం అక్కడి నుంచే తెచ్చుకుంది. అందులో ఆయన సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు ఉన్నాయి. జిల్లా దగ్గర విజగపటం అని ఉంది. అంటే విశాఖపట్నం.

1834 నుంచి 20వ శతాబ్దం మొదటి వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఇలా ఒప్పందం మీద ఈ ద్వీపానికి వచ్చారు. కాకినాడ దగ్గర ఉన్న కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళను ఇక్కడ కోరంగీలు అని పిలిచేవారు. ఒప్పందంలో ఏం రాశారో చాలామందికి చదవడం రాదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానికి డబుల్ కట్ అని పేరు. ఈ కథ మన పుస్తకాల్లో ఉంది. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఎక్కిన ప్రతిసారీ గుర్తుచేసుకుంటాం.

రెండో కాగితం మాకు వసతి గృహంలో కనిపించింది.

ఇప్పుడు మారిషస్ నిర్మాణ రంగంలో బయటి దేశాల పనివాళ్ళు ఎందరో ఉన్నారు. బంగ్లాదేశ్ నుంచి, భారతదేశం నుంచి వస్తారు. ఈ కంపెనీలో కూడా ఉన్నారు. యార్డు వెనక రెండంతస్తుల భవనం వాళ్ళది. గదికి నలుగురు. కిటికీలు పెద్దవి. వంటగదిలో బియ్యం బస్తాలు, ఎండుమిరపకాయలు. ప్రతి మంచం పక్కన తాళం ఉన్న చిన్న బీరువా. పాస్‌పోర్టు ఎవరిది వారి దగ్గరే ఉంటుంది. “అది నాన్నగారు మొదటి నుంచి పెట్టిన నియమం” అన్నారు పెద్ద కొడుకు.

అక్కడ ఆరుగురు తెలుగువాళ్ళు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా వాళ్ళు. మా మాస్టారు తెలుగులో పలకరించగానే ఒకాయన చేస్తున్న వంట ఆపి బయటికి వచ్చారు. సెంట్రింగ్ పని చేస్తారట. వయసు 30 పైన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

పని ఎలా ఉందని అడిగాం. “పని బాగానే ఉందండి. జీతం నెలనెలా బ్యాంకులో పడుతుంది. కానీ రావడానికి ఊళ్ళో ఏజెంటుకి అప్పు చేసి కట్టాను. అది తీరడానికే ఏడాది పట్టింది. ఏటి చేస్తామండి” అన్నారు.

ఒప్పందంలో ఏముందో తెలుసా అని మాలో ఒకరు అడిగారు. ఆయన బీరువా తెరిచి కాగితం తెచ్చి చూపించారు. అది ఇంగ్లీషులో ఉంది. “నాకు చదవడం రాదండి. ఏజెంటు ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. పెట్టేశాను.”

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు ఆ కాగితం తీసుకుని చూసింది. బంగ్లాదేశ్ పనివాళ్ళ కోసం కంపెనీ ఇదే కాగితాన్ని బెంగాలీలో కూడా రాయించింది. వాళ్ళు ఎక్కువమంది కాబట్టి. తెలుగులో మాత్రం లేదు. తెలుగు కుటుంబం నడిపే కంపెనీలో తెలుగు ఒప్పందం లేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ తెలుగు రాయడం రాదు. ఈ మాట ఆమే అంది. మేము అనలేదు.

పెద్ద కొడుకు ఏజెంటు అప్పు సంగతి ఇంతవరకు తనకు తెలియదన్నారు. “మేము ఏజెంటుకి మా వంతు డబ్బు ఇచ్చాం. వీళ్ళ దగ్గర కూడా తీసుకుంటాడని అడగలేదు. అడగాల్సింది” అన్నారు. ఇకమీదట కొత్తగా వచ్చే ప్రతి మనిషినీ మొదటి వారంలోనే కూర్చోబెట్టి ఎవరికి ఎంత కట్టారో అడుగుతామని, ఇక్కడికి రావడానికి అయిన ఖర్చు కంపెనీయే భరించేలా ఏజెంటుతో మాట్లాడతామని చెప్పారు. అది జరుగుతుందో లేదో మేము మళ్ళీ వెళ్ళి అడుగుతాం.

ఇంకో విషయం. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. అంతకు ముందు ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అంటే గోడ మీద ఉన్న కాగితం, బీరువాలో ఉన్న కాగితం దగ్గరదగ్గర ప్రాంతాల మనుషులవి. వాళ్ళ ఊళ్ళు పక్కపక్కనే ఉండి ఉండవచ్చు.

తిరిగి వచ్చిన మాటలు

పెద్దాయన ఇంట్లో ఇప్పుడు క్రియోల్ మాట్లాడతారు. పండుగకు రామభజన పాడతారు, ఉగాది చేస్తారు. కానీ పని మాటలన్నీ ఫ్రెంచి, క్రియోల్‌లోకి వెళ్ళిపోయాయి. తాపీని ట్రుయెల్ అంటారు. రసమట్టాన్ని నివో అంటారు. శ్లాబును దాల్ అంటారు. శ్రీకాకుళం వాళ్ళు వచ్చాక పాత మాటలు యార్డులోకి తిరిగి వచ్చాయి. “ఒకడు పరంజా అన్నాడు. మా తాత నోట విన్న మాట అది. అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ విన్నాను” అన్నారు పెద్దాయన. ఆయన రోజూ మధ్యాహ్నం వసతి గృహం వైపు నడిచి వెళ్తారు. “నాయనా, తిన్నావా?” అని అడుగుతారు. వాళ్ళు “తిన్నాం తాతగారూ” అంటారు. ఆ తర్వాత ఇరువైపులా మాటలు కొంచెం తడబడతాయి. అయినా ఆయన వెళ్తారు.

మేము బయలుదేరే ముందు మనవరాలు మా మాస్టారిని ఒక సహాయం అడిగింది. ఒప్పందాన్ని తెలుగులోకి మార్చి ఇవ్వగలరా అని. మాస్టారు మా వైపు చూశారు. మాలో ఎవరికీ అంత తెలుగు రాదు. కానీ ఒక్కొక్కరం ఒక పేరా తీసుకున్నాం. తప్పులు మాస్టారు దిద్దుతారు. చట్టం మాటలు సరిగా ఉన్నాయో లేదో ఒక న్యాయవాది చూస్తారు. చివరికి ఆ ఆరుగురి ముందు పైకి చదివి, వాళ్ళకు అర్థమైతేనే పని పూర్తయినట్టు.

ఇప్పటికి మూడు శనివారాలు అయ్యాయి. ఓవర్‌టైమ్‌కు అదనపు పని గంటలు అని రాశాం. సెలవు, జబ్బు సెలవు సులువుగానే వచ్చాయి. జీతంలోంచి డబ్బు తగ్గించే పేరా దగ్గర ఆగాం. దానికి సరైన తెలుగు మాట ఏమిటని మాస్టారిని అడిగాం. ఆయన బోర్డు మీద “కోత” అని రాశారు. ఎంత కోత, ఎప్పుడు కోత, ఎవరు చెప్తే కోత అనేవి స్పష్టంగా ఉండాలన్నారు. ఆ పేరాను మాత్రం అందరం కలిసి రాస్తున్నాం.

ఈ నెల పదాలు

తాపీ: మాలు తీసి గోడకు వేసే చిన్న పనిముట్టు. తాపీతో పని చేసే మనిషి తాపీ మేస్త్రి.

మేస్త్రి: పని తెలిసిన పెద్ద. ఇది పోర్చుగీసు నుంచి తెలుగులోకి వచ్చిన మాట.

రసమట్టం: గోడ, నేల సమంగా ఉన్నాయో లేదో చూపించే పనిముట్టు. లోపల చిన్న గాలి బుడగ ఉంటుంది.

గుండుతాడు: గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి తాడుకు కట్టిన బరువు.

మాలు: సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపిన ముద్ద.

కంకర: చిన్న రాతి ముక్కలు. క్రియోల్‌లో మకాదామ్.

పరంజా: ఎత్తులో పని చేయడానికి గోడ పక్కన కట్టే కర్రల లేదా ఇనుప గొట్టాల చట్రం.

సెంట్రింగ్: కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని పట్టి ఉంచే చెక్కలు, రేకులు. క్రియోల్‌లో కోఫ్రాజ్.

ఒప్పందం: ఇద్దరు ఒప్పుకుని రాసుకున్న కాగితం. ఒప్పుకోవాలంటే ముందు అర్థం కావాలి.